మౌలాలికి నేను చేసిన మాఫీ

సౌదీలో హాయిల్ ఊరికి ఒక పక్కన సనాయియా అని ఒక పేట ఉంది. వర్క్‌షాపులన్నీ అక్కడే. అందులో మూడో వీధిలో మౌలాలి అనే మెకానిక్ పనిచేసేవాడు. నంద్యాల దగ్గర పల్లెటూరి మనిషి. అప్పటికి నలభై ఐదేళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. గడ్డంలో రెండు చోట్ల తెలుపు దిగింది.

ఏ బండి బానెట్ ఎత్తినా ముందు తన దేవుణ్ణి తలుచుకునేవాడు, పెదవులు కదిలేవి కాని మాట బయటికి వినపడేది కాదు. విప్పిన బోల్టులను పాత రేకు పళ్ళెంలో విప్పిన వరసలోనే పేర్చేవాడు. డ్రైవరు నిలబడి ఉంటే ఎక్కడినుంచో అట్టపెట్టె ముక్క తెచ్చి నీడలో పరిచి, "కూకో అన్నా, బండికి గదా జరం వచ్చింది, నీకేమన్నా వచ్చిందా" అనేవాడు. బండిలో తప్పు డ్రైవరుదని తెలిసినా యజమాని ఎదుట ఆ మాట అనేవాడు కాదు. యజమాని వెళ్ళిపోయాక మాత్రం మన వైపు ఒక చూపు చూసేవాడు. ఆ చూపు చాలు, మళ్ళీ ఆ తప్పు చేయబుద్ధి కాదు.

నా పేరు కొర్నేలు, రేపల్లె పక్క మనిషిని. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. 2001లో డ్రైవరుగా వచ్చి హాయిల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సుల వ్యాను నడిపేవాణ్ణి. నర్సుల క్వార్టర్స్ ఊరికి ఇరవై నిమిషాల దూరం. ఉదయం డ్యూటీ వాళ్ళను దింపి, రాత్రంతా పనిచేసిన వాళ్ళను ఎక్కించుకుని రావడం నా పని. చాలామంది మన కోస్తా జిల్లాల ఆడపిల్లలే. నర్సాపురం వరమ్మక్క అందరికంటే పెద్దది, పసిబిడ్డల వార్డులో పని. బాపట్ల రూబీ అందరికంటే చిన్నది, నా పక్క సీటులో కూర్చునేది. వాళ్ళు ఏది వండుకున్నా ఒక డబ్బాలో నాకూ పెట్టి పంపేవారు. డబ్బాలో పెట్టి తిరిగివ్వడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు గనుక కడిగి, తుడిచి, రెండు చేతులతో ఇచ్చేవాణ్ణి.

వ్యాను పాతది, ఎనభై ఆరు మోడలు. 2003 జూలైలో ఇంజను వేడెక్కడం మొదలుపెట్టింది. తోటి డ్రైవర్లు నాకొక సలహా చెప్పారు. ఇంజను మీద, రేడియేటరు పెద్ద గొట్టం వచ్చి తగిలే చోట, అరచేతిలో పట్టేంత అల్యూమినియం మూత ఒకటి ఉంటుంది. థర్మోస్టాట్ హౌసింగ్ అంటారు. దాని కింద చిన్న వాల్వు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది నీళ్ళను ఆపుతుంది, వేడెక్కాక వదులుతుంది. "ఈ ఎండల్లో ఆపేదేమిటి, తీసి పారెయ్" అన్నారు. అక్కడ అందరూ చేసే పనే. నేనూ తీసి పారేశాను. పచ్చని కూలెంటు బదులు కుళాయి నీళ్ళు పోశాను. వేడి తగ్గింది. నేను గొప్ప పని చేశాననుకున్నాను.

ఆసుపత్రి రవాణా చూసే ఇంజనీరు రాధాకృష్ణగారు మాత్రం డ్రైవర్లెవరూ బానెట్ కింద చెయ్యి పెట్టకూడదని కాగితం మీద రాసి గోడకు అంటించారు. అంతకు ముందు ఒక డ్రైవరు బ్రేకులు తనే సవరించి గోడకు గుద్దితే ఎగ్జిట్ కొట్టి, అంటే వీసా రద్దు చేసి, ఇంటికి పంపేశారు. అందుకని నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు.

హాయిల్‌లో ఎండ ఎంతో చలీ అంతే. డిసెంబరు వచ్చేసరికి తెల్లవారుజామున వేళ్ళు కొంకర్లు పోతాయి. వాల్వు లేని ఇంజను వేడెక్కదు, ఇంజను వేడెక్కకపోతే లోపల హీటరు పనిచేయదు. నర్సులు పొడుగు నల్ల అబాయాల మీద శాలువలు కప్పుకుని, ఒకరి పక్కన ఒకరు అతుక్కుని కూర్చునేవారు.

"అన్నయ్యా, హీటరు ఎప్పుడు బాగుచేయిస్తావు?" అని రూబీ అడిగేది.

"పాత బండమ్మా, ఏం చేస్తాం" అనేవాణ్ణి.

వెనక నుంచి వరమ్మక్క, "పాతబండే, కొర్నేలు కొత్తగా ఉన్నాడుగా, వాడే ఊదుతాడు వెచ్చగా" అంటే అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నా వల్లే వాళ్ళు వణుకుతున్నారని నాకొక్కడికే తెలుసు.

ఆ నెల రెండో వారంలో బానెట్ కింద తడి కనపడింది. ఆ అల్యూమినియం మూత అంచు నుంచి తుప్పు రంగు నీళ్ళు కారుతున్నాయి. రాధాకృష్ణగారితో చెప్పి, సోమవారం మధ్యాహ్నం బండిని మౌలాలి దగ్గరికి తీసుకెళ్ళాను.

మౌలాలి రెండు బోల్టులు విప్పి మూత ఎత్తాడు. లోపలికి చూసి తల పైకెత్తాడు.

"కొర్నేలన్నా, వాల్వు యాడుంది?"

"ఏమో భాయ్. నాకంటే ముందు డ్రైవరు తీసేశాడేమో."

"నీళ్ళు గూడా వట్టి కుళాయి నీళ్ళే. సూడు, అల్యూమినియాన్ని ఎట్ల తినేసినాయో. పండు పురుగు తిన్నట్ల తినేసినాయి."

ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఆ రోజే చెప్పేసేవాణ్ణేమో. ఏమో, చెప్పేవాణ్ణి కాదేమో.

గాజు పలక మీద ఉప్పుకాగితం పరిచి, దాని మీద మూతను తలకిందులుగా పెట్టి గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. అంచు సమంగా వచ్చేదాకా గంటన్నర రుద్దాడు. మందపాటి కాగితాన్ని మూత మీద పెట్టి, అంచుల వెంట చిన్న సుత్తితో టకటకా కొట్టుకుంటూ పోతే కాగితం సరిగ్గా మూత ఆకారంలో తెగి వచ్చింది. కొత్త వాల్వు కూర్చోబెట్టి, పల్చగా సిలికాన్ పేస్టు పూసి, బోల్టులు ముందు వేళ్ళతో, తరువాత పానాతో అటొకసారి ఇటొకసారి మార్చి మార్చి బిగించాడు. పచ్చని కూలెంటు పోశాడు.

"ఇను. గొట్టం సందులో ఉన్న నీళ్ళు రేపు రెండు మూడు బొట్లు పడతాయి. భయపడొద్దు. పేస్టు ఆరనీ. రేపు సాయంత్రం బండి సల్లారినాక తీస్కరా, ఆఖరు బిగింపు నేనే ఏస్తా. నువ్వు మాత్రం పానా పెట్టొద్దన్నా. అది ఇనుము గాదు, అల్యూమినియం. బోల్టు దూరే చెవులు పల్చన."

అప్పుడే తన హజ్జు సంగతి చెప్పాడు. అక్కడ పనిచేసేవాళ్ళు హజ్జుకు పోవాలంటే కఫీలు, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న సౌదీ యజమాని, సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ కాగితం చూపితే యాత్ర జట్టువాళ్ళు పేరు రాసుకుంటారు. పదకొండేళ్ళుగా మౌలాలి అడుగుతున్నాడు. ప్రతి ఏడూ ఏదో ఒక పని అడ్డం. ఈసారి కఫీలు అబూ ఫహద్ సరేనన్నాడు.

"ఈ బుధవారం సంతకం పెడతానన్యాడు. ఆ మళ్ళా బుధవారం దాకా జట్టులో పేర్లు రాస్తారు. ఇంగ దేవుడు పిలిస్తే పోవడమే" అన్నాడు. ఆ మాట అంటూ గ్రీజు చేతిని మూడుసార్లు తుడుచుకున్నాడు, ఎవరి చేతిలోనో పెట్టబోతున్నట్టు.

మర్నాడు మంగళవారం. తెల్లవారగానే బండి కిందకు వంగి చూశాను. ఇసుకలో చిన్న తడి. రెండు మూడు బొట్లే. మౌలాలి చెప్పినవే. కాని నాకు మనసు నిలవలేదు. దారిలో ఆగితే రాధాకృష్ణగారు వస్తారు, ఇంకో మెకానిక్ వస్తాడు, వాల్వు ఎవరు తీశారని అడుగుతారు. అదీ నా భయం. మా ఊళ్ళో పొలాల దగ్గర ఆయిలింజన్లు నడిపినవాణ్ణి. ఎక్కడ నీరు చిమ్మితే అక్కడ బోల్టు ఇంకో చుట్టు బిగించడం మా చేతులకు అలవాటు. ఆ ఇంజన్లు పోత ఇనుము, ఎంత బిగించినా పడతాయి. పానా తెచ్చి ఒక బోల్టు బలంగా తిప్పాను. రెండోది ఇంకా బలంగా. టిక్ మని చిన్న చప్పుడైంది. టార్చి వేసి చూస్తే బోల్టు చెవి దగ్గర వెంట్రుకంత గీత. తుడిచాను. తడి లేదు. ఏమీ కాలేదులే అని నాకు నేనే చెప్పుకుని బానెట్ మూశాను. క్వార్టర్స్ మెట్లు దిగి వచ్చి రూబీ అప్పటికే నా పక్క సీటు తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతుల్లోకి ఊదుకుంటూ, "చలి" అంది, అంతే.

ఆ రోజు హీటరు వెచ్చగా వచ్చింది. వెనక ఆడపిల్లలంతా శాలువలు తీసి మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "మౌలాలి చేతికి దండం పెట్టాలి" అని వరమ్మక్క అంది.

సగం దారి పోయామో లేదో, బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. ముందు అద్దం అంతా మసక. బండిని పక్కకు దింపి అందరినీ కిందకు దింపాను. మూత చెవి విరిగి వేలాడుతోంది. పచ్చని నీళ్ళు రోడ్డు మీద.

ఏడుగురు ఆడపిల్లలు ఆ గాలిలో నిలబడ్డారు. చుట్టూ రాళ్ళ నేల తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఒక ముసలి సౌదీ తన పికప్ ఆపాడు. వెనక గొర్రెలున్నాయి. ఆడవాళ్ళ వైపు చూడకుండా, తన ఒంటి మీది గొర్రెతోలు కోటు తీసి రాతి మీద పెట్టి, నీళ్ళ క్యాను ఒకటి దించి, చేత్తోనే తీసుకోమని సైగ చేసి, తన సీట్లో కూర్చుని తల అటు తిప్పుకున్నాడు. పల్చని బట్టల్లో ఉన్నాడు ఆ ముసలాయన. కోటును వరమ్మక్క రూబీకి కప్పింది, రూబీ ఇంకొకరికి కప్పింది, అలా అది అందరి భుజాల మీదా తిరిగింది. ఇంకో వ్యాను వచ్చేదాకా ముప్పావుగంట ఆ పెద్దమనిషి అక్కడే ఉన్నాడు. అవతల ఆసుపత్రిలో రాత్రి నర్సులు కాళ్ళు నొప్పులతో డ్యూటీ దిగలేక నిలబడ్డారు. పసిబిడ్డల వార్డులో ఒక నర్సు కన్నీళ్ళు పెట్టుకుందని తరువాత విన్నాను.

ఆ మధ్యాహ్నమే రాధాకృష్ణగారు విరిగిన మూతను సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని సనాయియాకు వచ్చారు. వర్క్‌షాపు ముందు కుర్చీలో కఫీలు అబూ ఫహద్ ఉన్నాడు. మంచి మనిషే, మాట మాత్రం కరుకు.

"మౌలాలీ, వాట్ ఈజ్ దిస్? నిన్న రిపేర్, ఈరోజు బ్రేక్‌డౌన్. లేడీస్ స్టాఫ్ రోడ్డు మీద నిలబడ్డారు. ఇది సేఫ్టీ ఇష్యూ. నేను రిపోర్ట్ రాయాలి" అన్నారు రాధాకృష్ణగారు.

మౌలాలి మూతను రెండు చేతులతో అందుకున్నాడు. విరిగిన చెవి మీద బొటనవేలు పెట్టి మెల్లగా జరిపాడు. చాలాసేపు చూశాడు. తరువాత నన్ను అడిగాడు. కోపంగా కాదు, పని గురించి అడిగినట్టు.

"కొర్నేలన్నా, పొద్దున ఎవరన్నా పానా పెట్టినారా?"

"లేదు భాయ్. నువ్వు చెప్పినట్టే ముట్టుకోలేదు."

రాధాకృష్ణగారు నా వైపు తిరిగారు. "ఆర్ యూ ష్యూర్?"

"ముట్టుకోలేదండి."

మౌలాలి నన్ను నమ్మాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తన కుడిచెయ్యి తిప్పి చూసుకుని, "అయితే నా చెయ్యే ఎక్కువైంది సార్. తప్పు నాదే" అన్నాడు. ఆ మాటే అరబ్బీలో తన కఫీలుకు తనే చెప్పుకున్నాడు.

అబూ ఫహద్ జేబులోంచి ఒక కాగితం తీశాడు, చూశాడు, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏదో అన్నాడు. మౌలాలి తల వంచుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో రాధాకృష్ణగారు చెప్పారు. "అతని హజ్జు పేపరట. ఆసుపత్రి వాళ్ళ నోట మంచి మాట వచ్చేదాకా సంతకం పెట్టనంటున్నాడు. వాట్ కెన్ ఐ డూ? నేను చూసింది నేను రాయాలి కదా." ఆయన గొంతులో కూడా బాధ ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ వారం నాకు ప్రార్థన రాలేదు. అక్కడ చర్చి ఉండదు, శుక్రవారాలు మేము క్రైస్తవులం నలుగురైదుగురం డ్రైవర్ల గదిలో తలుపు వేసుకుని నెమ్మదిగా ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఆ శుక్రవారం నా వంతు వస్తే గొంతు బాగాలేదన్నాను. అదీ అబద్ధమే.

మా ప్రార్థన అయ్యాక, వాళ్ళ జుమ్మా నమాజు కూడా అయ్యాక, మౌలాలి మా గదికి వచ్చాడు. ఉతికిన బట్టలు, చేతిలో అరటిపండ్ల గెల ముక్క. నేనొక్కణ్ణే ఉన్నాను. కూర్చోమంటే నేల మీదే కూర్చున్నాడు.

"అన్నా, హజ్జుకు పోవాలనుకున్నోడు ముందు అందరి దగ్గర మాఫ్ అడుక్కోవాల. ఎవురికన్నా మనవల్ల నొప్పి కలిగుంటే అది మోసుకోని ఆ దేవుని ఇంటికి పోగూడదు. కాగితం వస్తాదో రాదో, అది ఆయన ఇష్టం. నా పని నేను చెయ్యాల గదా. అందరికంటే ముందు నీ దగ్గరికే వచ్చినా."

"నా దగ్గరికెందుకు భాయ్?"

"నా వల్ల నీకు మాట వచ్చింది. ఏడుగురు ఆడకూతుర్లు సలిలో నిలబడినారు. నాలుగు దినాలాయె, నిద్ర పట్టల్యా. పదహైదేండ్లుగా బోల్టు బిగిస్తాండా, ఈ చెయ్యి ఎన్నడూ ఎక్కువ పోల్యా. ఇప్పుడు ప్రతి బోల్టు కాడా ఆగి ఆలోచిస్తాండా. నిన్న ఒక బండిని మూడుసార్లు విప్పినా." చెయ్యి చాపాడు. "మాఫ్ చెయ్యన్నా. ఆ అక్కచెల్లెండ్లకు గూడా నా తరఫున చెప్పు."

అప్పుడు చెప్పాల్సింది. గదిలో ఎవరూ లేరు. తలుపు వేసి ఉంది. ఒక్క మాట చాలు. కాని నేనేం చేశానంటే, ఆయన చెయ్యి పట్టుకుని, "ఫర్వాలేదు భాయ్, మాఫ్" అన్నాను.

ఇది రాస్తూ ఇక్కడ చాలాసేపు ఆగాను. అబద్ధాలు అంతకుముందు చెప్పాను, ఆ తరువాతా ఎప్పుడైనా చెప్పి ఉంటాను. కాని చేయని తప్పుకు క్షమాపణ అడిగినవాణ్ణి, తప్పు చేసినవాణ్ణి నేనే అయి ఉండి, పెద్దమనిషిలాగా క్షమించాను. ఆయన ముఖం తేటపడింది. "బరువు దిగిందన్నా" అని లేచి, అరటిపండ్లు నా మంచం మీద పెట్టి వెళ్ళాడు. అవి నల్లబడేదాకా అక్కడే ఉన్నాయి.

ఆదివారం నాడు నర్సులకు ఆయన మాట చెప్పాను. వరమ్మక్క, "అయ్యో, ఆ మనిషికి మా కోసం ఇంత బెంగా. మాకేం కాలేదని చెప్పు తమ్ముడూ, వెచ్చగా వెళ్ళామని చెప్పు, ఆ సగం దారైనా" అంది. మిగతావాళ్ళూ అదే అన్నారు. రూబీ మాట్లాడలేదు.

మంగళవారం ఉదయం ఆసుపత్రి ముందు అందరూ దిగారు. రూబీ చివరన దిగి తలుపు పట్టుకుని నిలబడింది. నా వైపు కాక, కింద నేలకేసి చూస్తూ మెల్లగా అంది.

"అన్నయ్యా, ఆ రోజు పొద్దున నువ్వు బానెట్ ఎత్తి ఏదో బిగిస్తున్నావు. నేను మెట్ల మీద ఉన్నాను."

నేను ఇంజను ఆపాను.

"నేనెవరికీ చెప్పలేదు. నువ్వే చెప్తావని చూస్తున్నాను" అని తలుపు నెమ్మదిగా, చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయింది. నా కంటే పన్నెండేళ్ళు చిన్న పిల్ల. వారం రోజులు నా పక్కనే కూర్చుని, నా డబ్బాలో తన కూర పెట్టి ఇస్తూ, నా కోసం చూసింది.

ఆ రోజంతా ఈ సాయంత్రం చెబుదాం, రేపు ఉదయం చెబుదాం అనుకుంటూనే గడిపాను. బుధవారం రెండు గంటలకు మౌలాలి దగ్గరికి వెళ్ళాను. ఒక లారీ కింద నుంచి బయటికి వచ్చాడు. నిలబడే చెప్పాను. జూలైలో వాల్వు తీసింది నేనేనని, కుళాయి నీళ్ళు పోసింది నేనేనని, మంగళవారం పానా పెట్టింది నేనేనని, చప్పుడు విన్నానని, గీత చూశానని.

మౌలాలి పళ్ళెంలోంచి ఒక బోల్టు తీశాడు, మళ్ళీ దాని చోట్లోనే పెట్టాడు. కుడిచెయ్యి ఎత్తి అరచేతిని చూసుకున్నాడు.

"అంటే నా చెయ్యి బాగనే ఉండాది" అన్నాడు.

"బాగానే ఉంది భాయ్."

"ఎనిమిది దినాలు దీన్ని తిట్టుకున్యా."

పళ్ళేన్ని పక్కకు జరిపి అన్నాడు. "అన్నా, శుక్రవారం నువ్వు నాకు మాఫ్ చేసినావు గదా. అది చెల్లదు. నేను చెయ్యని దానికి నీ మాఫీ నాకెందుకు? వాపసు తీస్కో. నీకే పనికొస్తాది." నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మీ కఫీలుకు చెప్పు భాయ్. నేనే చేశానని చెప్పు. నాకు అరబ్బీ అంత రాదు."

"నేను చెప్తే నన్ను నేను కడుక్కున్నట్ల ఉంటాది. నువ్వు ఎవురికి అబద్ధం చెప్పినావో వాళ్ళకే చెప్పు. మీ సారుకు చెప్పు పో." అని ఆగి, "జట్టోళ్ళు ఈ పొద్దు మద్యాన్నానికే పేర్లు మూసినారు. నువ్వు గాబరా పడొద్దు" అన్నాడు.

గాబరా పడవద్దని నాతో అన్నాడు. నేను ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే సరిపోయేది. రూబీ అడిగిన గంటలో వచ్చినా సరిపోయేది.

రాధాకృష్ణగారు ఆఫీసు మూసి బయలుదేరుతున్నారు. అంతా విన్నాక కుర్చీలో మళ్ళీ కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను. "నా సంతకం పెట్టి రాశాను కొర్నేలు, డ్రైవర్ డిడ్ నాట్ టచ్ అని. నీ మాట మీద" అన్నారు, అంతే. గురువారం, శుక్రవారం సెలవు. శనివారం ఆసుపత్రి కాగితం మీద ఆయన ఉత్తరం రాసి, తనే పట్టుకెళ్ళి అబూ ఫహద్‌కు చదివి వినిపించారు. అబూ ఫహద్ అక్కడికక్కడే హజ్జు కాగితం మీద సంతకం పెట్టి, మౌలాలిని తన కారులో ఎక్కించుకుని మూడు జట్ల దగ్గరికి తిప్పాడట. ఎక్కడా చోటు లేదు.

నన్ను వ్యాను మీద నుంచి తీసి మూడు నెలలు లాండ్రీలో వేశారు. ఇంటికి పంపకపోవడానికి కారణం వరమ్మక్క. ఆమె వెళ్ళి రాధాకృష్ణగారి ఎదుట నిలబడి, "మేమేడుగురం నిలబడ్డాం కదండీ చలిలో, మేమే వద్దంటున్నాం, పంపకండి" అందని విన్నాను. ఆ దయను నేను అడగలేదు. అది నా మీద ఉన్నంత బరువుగా ఏ శిక్షా ఉండేది కాదు.

మరుసటి ఏడు అబూ ఫహద్ వర్క్‌షాపు ఇంకొకరికి ఇచ్చేశాడు. కొత్త కఫీలు హజ్జు మాట ఎత్తనివ్వలేదు. 2006లో మౌలాలి ఎగ్జిట్ మీద ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు నంద్యాలలో ట్రాక్టర్లు బాగుచేస్తాడు. నాకు తెలిసినంతవరకు ఇంకా హజ్జు చేయలేదు.

మౌలాలి పేరు చేరని ఆ ఏటి అరఫా రోజు సంగతి ఒకటి చెప్పాలి. హజ్జుకు వెళ్ళినవాళ్ళంతా ఆ రోజు మక్కా దగ్గరి మైదానంలో నిలబడి ప్రార్థిస్తారు. వెళ్ళనివాళ్ళు ఉన్నచోటే ఉపవాసం ఉంటారు. లాండ్రీలో సెలవు తీసుకుని నేను సనాయియాకు వెళ్ళాను. సగం షాపులు మూసి ఉన్నాయి. మౌలాలి ఒక్కడే ఒక రేడియేటరు ముందేసుకుని కూర్చున్నాడు. పెదవులు ఎండి ఉన్నాయి. నన్ను చూసి లేచి, స్టవ్ వెలిగించి, నాకొక్కడికే చాయ్ పెట్టి ఇచ్చాడు. వద్దంటే వినలేదు. "నాకు ఉపాసం గాని నీకు గాదు గదా" అన్నాడు.

దావూద్ అనే పెషావరు లారీ డ్రైవరు వచ్చాడు. ఆశ్చర్యపోయి, "అరే మౌలాలి భాయ్, ఆప్ గయే నహీ? ఈసారి వెళ్తున్నానన్నారు కదా" అని హిందీలో అడిగాడు.

"నామ్ దేర్ సే పహుంచా" అన్నాడు మౌలాలి. పేరు చేరడం ఆలస్యమైందని.

తరువాత ఒక బెంగాలీ వచ్చి అదే అడిగాడు. అదే జవాబు. ఎవరడిగినా నెల రోజులుగా అదే చెబుతున్నాడని అప్పుడు అర్థమైంది. నేను ఎదురుగా లేనప్పుడు కూడా నా పేరు చెప్పలేదు.

మూడోవాడుగా పక్క షాపు కేరళ ఆయన అడిగినప్పుడు, మౌలాలి నోరు తెరిచేలోపు నేనే నాకొచ్చిన ముక్కలు ముక్కల హిందీలో చెప్పాను. "ఆయన పేరు నా వల్ల ఆగింది. బండి విరగ్గొట్టింది నేను. తప్పు ఈయన మీదికి తోశాను."

ఆ కేరళ ఆయన నన్ను పై నుంచి కింద దాకా చూశాడు. తన షాపులోకి వెళ్ళిపోయాడు.

మౌలాలి రేడియేటరు మీది చెయ్యి తీయకుండా, తల ఎత్తకుండా కూర్చున్నాడు. పశ్చిమం వైపు ఎండ వాలుతోంది. ఆ మైదానంలో అందరూ చేతులెత్తి నిలబడే వేళ అది. కాసేపటికి ఆయనా చేతులు కడుక్కుని, గోడ పక్కన చాప పరుచుకుని, మక్కా వైపు తిరిగి నిలబడ్డాడు.

నేను కప్పు పట్టుకుని బయటికి వచ్చి, నా నీడ ఆయన చాప మీద పడని చోట నిలబడ్డాను.